బెర్లిన్‌లో ట్రామ్ తూర్పు వైపే ఎందుకుంది?

మీ ప్రశ్న ఇదీ. బెర్లిన్ వచ్చి రెండు నెలలైంది, రూమ్ లిష్టెన్‌బెర్గ్‌లో, చదువు షార్లొటెన్‌బుర్గ్‌లోని టెక్నికల్ యూనివర్సిటీలో. రోజూ ఎం6 ట్రామ్‌లో అలెగ్జాండర్‌ప్లాట్స్ దాకా వచ్చి అక్కడ ఊ2 మెట్రో ఎక్కుతున్నారు. మ్యాప్ చూస్తే తూర్పు సగమంతా ట్రామ్ గీతలే, పడమర సగం దాదాపు ఖాళీ. తూర్పు పేదది కాబట్టి పాత ట్రామ్‌లతో సరిపెట్టుకుంది, పడమరకి డబ్బుంది కాబట్టి మెట్రో కట్టుకుంది, గోడ కట్టిన రోజే ట్రామ్ లైన్లు తెగిపోయాయి అని మీ రూమ్మేట్ చెప్పాడు. ఇది నిజమేనా, పడమరలో మళ్ళీ ట్రామ్ వస్తుందా అని అడిగారు.

నేను ఈ ఊళ్ళో పదిహేడేళ్ళుగా ఉంటున్నాను. అందులో పన్నెండేళ్ళు పట్టాలు ఎటు తిరగాలి, స్టాప్ ఎక్కడ పెట్టాలి అని డ్రాయింగులు గీసే ఆఫీసులోనే పని. మీ రూమ్మేట్ మాటలో సగం సరే, తేడా వచ్చిన సగంలోనే అసలు సంగతి ఉంది.

ముందు తేదీ సరిచేద్దాం. గోడ లేచింది 1961 ఆగస్టు 13న. ట్రామ్ లైన్లు తెగింది 1953 జనవరిలో. అంటే గోడకి ఎనిమిదేళ్ళ ముందే. ఊ-బాన్ అనే మెట్రో, ఎస్-బాన్ అనే లోకల్ రైళ్ళు మాత్రం 1961 దాకా అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి, రోడ్డు మీద పోయే ట్రామ్ ఒక్కటే ముందు బలైంది. ఎందుకంటే యుద్ధం తర్వాత ఊరు కమ్యూనిస్టుల తూర్పు, అమెరికా పక్షాల పడమర అని చీలింది, 1948లో ఊళ్ళో రెండు రకాల డబ్బు వచ్చింది, 1949 ఆగస్టులో రవాణా సంస్థ బీవీజీ కూడా రెండు ముక్కలైంది. సరిహద్దు వీధి దగ్గర ట్రామ్ ఆగేది, తూర్పు కండక్టర్ దిగేవాడు, పడమర కండక్టర్ ఎక్కేవాడు, టికెట్ డబ్బు వేరు కదా. అలా కొన్నేళ్ళు ఈడ్చుకొచ్చారు. ఆ తర్వాత వచ్చిన గొడవ వింటే మీరు నమ్మరు: తూర్పు వాళ్ళు ట్రామ్ నడపడానికి ఆడవాళ్ళని పెట్టుకున్నారు, పడమర నిబంధనల ప్రకారం ఆడవాళ్ళు ట్రామ్ నడపకూడదు. దాంతో ఆడ డ్రైవర్ ఉన్న బండిని సరిహద్దు దగ్గర ఆపేయడం, జనం దిగి నడిచి అవతల వేరే బండి ఎక్కడం, చివరికి మొత్తానికే ఆగిపోవడం. అసలు కారణం డ్రైవర్లే అని నేననను. తెంచుకోవాలన్న ఉద్దేశం ఇద్దరిలోనూ ముందే ఉంది, సాకు దొరికింది.

ఇక పడమరలో ఎప్పుడూ ట్రామ్ లేదా అంటే, అసలు పుట్టిందే అటు వైపు. జర్మనీలో మొదటి గుర్రపు ట్రామ్ 1865లో బ్రాండెన్‌బుర్గ్ గేటు దగ్గర్నుంచి ఎక్కడికి వెళ్ళిందనుకున్నారు? ఇవాళ మీ కాలేజీ ఉన్న షార్లొటెన్‌బుర్గ్‌కే. కరెంటు ట్రామ్ కూడా అంతే. 1881 మేలో వెర్నర్ ఫాన్ సీమెన్స్ కంపెనీ లిష్టర్‌ఫెల్డెలో నడిపింది, అది నైరుతి వైపు, అప్పటికి ఇంకా బెర్లిన్‌లో కలవని ఊరు. రైల్వే స్టేషన్ నుంచి సైనిక విద్యార్థుల పాఠశాల దాకా రెండున్నర కిలోమీటర్ల చిన్న లైను. ప్రపంచంలో జనం రోజూ ఎక్కి తిరిగిన మొదటి కరెంటు ట్రామ్‌గా దాన్నే చెప్తారు. అందులో ఒక చిక్కు ఉండేది: పైన తీగ లేదు, 180 వోల్టుల కరెంటు నేరుగా రెండు పట్టాల్లోంచే వచ్చేది. రోడ్డు దాటే గుర్రం ఒక కాలు ఈ పట్టా మీద, ఇంకో కాలు ఆ పట్టా మీద వేస్తే దాని గతేమిటో మీరే ఊహించుకోండి. అందుకే తర్వాత తీగ పైకెక్కింది.

(మద్రాసులో కరెంటు ట్రామ్ 1895లోనే వచ్చింది, మన దేశంలో అదే మొదటిది. అది ఆగిపోయింది 1953 ఏప్రిల్‌లో, అదే ఏడు అక్టోబరులో మనం మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రమయ్యాం. మా తాతయ్య అక్కడ చదువుకునే రోజుల్లో ఎక్కేవాడట. బెర్లిన్ ట్రామ్ తెగిన ఏడూ, మద్రాసు ట్రామ్ ఆగిన ఏడూ ఒకటే అని తెలిసినప్పుడు ఆయన ఉంటే బాగుండు అనిపించింది. దీనికీ మీ ప్రశ్నకీ సంబంధం లేదు, ఊరికే చెప్పాను.)

1902 నాటికి ఊళ్ళోని పెద్ద ట్రామ్ కంపెనీ గుర్రాలని పూర్తిగా పక్కన పెట్టేసింది. తీగలంటే ఒప్పుకోని పెద్దమనిషి ఒక్కడే, చక్రవర్తి రెండో విల్‌హెల్మ్. తన ఊరేగింపు వీధి ఉంటెర్ డెన్ లిండెన్ మీద పట్టాలూ తీగలూ పాకితే ఆయన ఓర్వలేడు, అందుకని 1916లో ఆ వీధి కింద ప్రత్యేకంగా సొరంగం తవ్వి ట్రామ్‌ని అడుగునుంచి దాటించారు. 1920లో చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిసి మహా బెర్లిన్ అయింది, ట్రామ్ కంపెనీలూ ఒకటయ్యాయి. వెంటనే డబ్బు విలువ పడిపోయిన కాలం వచ్చింది. టికెట్ ధర పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి, జీతాలు ఇవ్వడానికి లేదు, 1923 సెప్టెంబరు 9న ఊరు మొత్తంలో ఒక్క ట్రామ్ కూడా తిరగలేదు. ఆ రోజుకి ఇక్కడి వాళ్ళు ‘ట్రామ్ లేని రోజు’ అనే పేరు పెట్టుకున్నారు. మర్నాడు కొత్త కంపెనీ పేరుతో కొద్ది లైన్లతో మళ్ళీ మొదలుపెట్టారు. అక్కడి నుంచి లేచి, 1929లో ట్రామ్, బస్సు, మెట్రో మూడూ కలిసి బీవీజీ ఏర్పడే సమయానికి దాదాపు 90 లైన్లు, 600 కిలోమీటర్లకి పైగా దారి. తూర్పూ పడమరా తేడా లేదు.

ఇప్పుడు అసలు పాయింటు. పడమరలో ట్రామ్ ఎవరు చంపారు? కమ్యూనిస్టులు కాదు, గోడ కూడా కాదు. పడమర బెర్లిన్ పాలకులే కూర్చుని 1953లో నిర్ణయం తీసుకున్నారు: ట్రామ్ వద్దు, మెట్రో, బస్సులు చాలు అని. వాళ్ళని మరీ తిట్టక్కర్లేదు, ఆ రోజుల్లో పెద్ద ఊళ్ళన్నీ అదే పని చేశాయి. లండన్ 1952లోనే ఎత్తేసింది, హాంబుర్గ్ 1978లో ఎత్తేసింది. ఊరంటే కార్ల కోసం కట్టేది, పట్టాలు కార్లకి అడ్డం, ఇదీ అప్పటి ఆధునికత. పైగా వాళ్ళ దగ్గరున్న బండ్లు చాలావరకు యుద్ధానికి ముందువి, లైన్లు ఏమో సరిహద్దు దగ్గర సగంలో తెగి వేలాడుతున్నాయి, కొత్తవి కొనాలంటే ఖర్చు. మెట్రోకి అయితే పశ్చిమ జర్మనీ నుంచి డబ్బు వచ్చేది. 1954 నుంచి ఒక్కో లైనూ మూస్తూ వచ్చారు. చివరిది 55వ నంబరు, అది జూ స్టేషన్ దగ్గర బయల్దేరి ఎర్న్‌స్ట్ రాయిటర్ ప్లాట్స్ మీదుగా, అంటే మీ యూనివర్సిటీ గుమ్మం ముందు నుంచే, ఊరి పడమర చివరనున్న ష్పాండౌలోని హాకెన్‌ఫెల్డె దాకా వెళ్ళేది. 1967 అక్టోబరు 2న ఆఖరి బండి. మీరు రోజూ మెట్రో మెట్లెక్కి బయటికొచ్చే చోటు మీదుగానే ఆ లైను పోయేది.

ఆ ష్పాండౌ వాళ్ళ సంగతి వినండి, ఎందుకంటే ఈ పాఠం నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి వారమే చెప్పాడు. ట్రామ్ తీసేటప్పుడు మెట్రో వస్తుందన్నారు. మెట్రో నిజంగానే వచ్చింది, 1984లో, పదిహేడేళ్ళ తర్వాత. అది కూడా ష్పాండౌ టౌన్‌హాలు దగ్గర ఆగిపోయింది. ట్రామ్ ఆఖరి స్టాపైన హాకెన్‌ఫెల్డెకి ఇవాళ్టికీ బస్సే గతి. ట్రామ్ స్థానంలో మెట్రో అంటే కాగితం మీద బాగుంటుంది, కానీ ఒక కిలోమీటరు మెట్రోకి పెట్టే డబ్బుతో చాలా కిలోమీటర్ల ట్రామ్ వేయొచ్చు, అందుకే మెట్రో ఎప్పుడూ కొన్ని వీధులకే దక్కుతుంది, మిగతా వీధులకి బస్సు మిగులుతుంది. దీనికి తోడు ఎస్-బాన్ గొడవ ఒకటి. పడమరలో కూడా ఎస్-బాన్ నడిపేది తూర్పు జర్మనీ రైల్వేనే. గోడ లేవగానే పడమర జనం కోపంతో దాన్ని ఎక్కడం మానేశారు, మన టికెట్ డబ్బుతో వాళ్ళకి ముళ్ళతీగ కొనిపెట్టడమెందుకని. దాంతో ఉన్న ఎస్-బాన్ పక్కనే దానికి పోటీగా మెట్రోలూ బస్సులూ. డబుల్ డెక్కర్ బస్సులు ఆ కాలంలో పడమరకి గుర్తుగా నిలిచాయి.

తూర్పు వాళ్ళు ట్రామ్‌ని ప్రేమతో కాపాడుకున్నారని కొందరు ఇప్పుడు రాస్తుంటారు, అది కూడా నమ్మకండి. వాళ్ళూ పీకారు. టీవీ టవర్ కట్టి అలెగ్జాండర్‌ప్లాట్స్‌ని కొత్తగా తీర్చిదిద్దినప్పుడు అక్కడి పట్టాలు తీసేశారు, 1970లో లైప్జిగర్ స్ట్రాస్ అనే వీధిలోనూ తీసేశారు, అదే కార్ల పిచ్చి, జెండా రంగే తేడా. కానీ తర్వాత లెక్క మారింది. 1970ల్లో చమురు ధర పెరిగింది, డీజిల్ బస్సులు బరువయ్యాయి. అదే సమయంలో ఊరి అంచున మార్ట్సాన్, హోహెన్‌షోన్‌హౌజెన్, హెల్లర్స్‌డోర్ఫ్‌లలో లక్షల మందికి ప్యానెల్ అపార్టుమెంట్లు, అంటే ముందే పోతపోసిన కాంక్రీటు పలకలతో కట్టేవి, లేస్తున్నాయి, అంతమందిని పొద్దున్నే పనికి చేర్చాలి, ప్రతి చోటుకీ మెట్రో తవ్వే డబ్బు లేదు. ట్రామ్ తప్ప దారి లేదు. 1979లో మార్ట్సాన్‌కి వేశారు, 80ల్లో హోహెన్‌షోన్‌హౌజెన్‌కి, హెల్లర్స్‌డోర్ఫ్‌కి వేసింది 1991లో, అప్పటికి తూర్పు జర్మనీ అనే దేశమే లేదు. మీ ఎం6 ఆఖరి స్టాపు అటే కదా. కాబట్టి మీ రూమ్మేట్ అన్న పేదరికం ఒక కారణమే, ఒప్పుకుంటాను. కాకపోతే అవి పాత ట్రామ్‌లతో సరిపెట్టుకున్న లైన్లు కావు, వెడల్పాటి రోడ్డు మధ్యలో కార్లు ఎక్కడానికి వీల్లేని సొంత దారితో కొత్తగా వేసినవి. మీరు లాండ్స్‌బెర్గర్ ఆలీ మీద అంత జోరుగా పోతున్నారంటే అందుకే.

బండ్లు చెకోస్లొవేకియావి. సోషలిస్టు దేశాలు ఎవరేం తయారుచేయాలో పంచుకున్నాయి, ట్రామ్‌లు ప్రాగ్‌లోని టాట్రా ఫ్యాక్టరీ వంతు. కేటీ4డీ అనే రకం 1976 నుంచి బెర్లిన్‌లో తిరిగింది, 90ల్లో మరమ్మతు చేసి, రంగులు మార్చి 2021 దాకా లాగించారు. నేను వచ్చిన కొత్తలో ఎక్కువగా అవే. మూడు మెట్లు, సూట్‌కేసుతో ఎక్కాలంటే నడుం విరిగేది, పాపతో స్ట్రాలర్ పట్టుకొని వస్తే పక్కవాళ్ళు ఓ చెయ్యి వేయాల్సిందే. అయినా చలికాలంలో ఆ సీటు కింద హీటర్ ఇచ్చే వేడి ఇప్పటి ఫ్లెక్సిటీ బండ్లలో రాదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

టాట్రాకి ఇంకో గుణం ఉంది, అది తర్వాతి కథకి కీలకం. దానికి డ్రైవర్ సీటు ఒక చివరే, తలుపులు కుడి వైపే. అంటే లైను చివర బండి వెనక్కి తిరగాలంటే గుండ్రటి లూప్ కావాలి, ఒక చిన్న పార్కంత స్థలం. కిక్కిరిసిన పడమర వీధుల్లో అంత స్థలం ఎవరిస్తారు? అందుకే 90ల చివరి నుంచి రెండు చివరలా డ్రైవర్ సీటూ, రెండు వైపులా తలుపులూ ఉన్న బండ్లు కొన్నారు. ఎం10 వార్షావర్ స్ట్రాస్ చివర గమనించండి. డ్రైవర్ బ్యాగు తీసుకుని దిగి అవతలి చివరకి నడిచి వెళ్తాడు, బండి వచ్చిన దారినే పోతుంది.

గోడ పడ్డాక పట్టాలు పడమరకి మొదట ఎక్కడ దాటాయో చెప్తే బాగుంటుంది. బోర్న్‌హోల్మర్ స్ట్రాస్ వంతెన, పేరు బ్యోజెబ్రూకె. 1989 నవంబరు 9 రాత్రి జనం తాకిడికి మొదట గేటు తెరిచింది అక్కడే. 1995 అక్టోబరులో ఆ వంతెన మీదుగానే ట్రామ్ పడమరకి వెళ్ళింది, పడమర వీధుల్లో ట్రామ్ గంట మళ్ళీ వినిపించడానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. 1997లో ఇంకొంచెం ముందుకి, ఫిర్షో ఆసుపత్రి దాకా. 1998లో తూర్పు వాళ్ళు తీసేసిన అలెగ్జాండర్‌ప్లాట్స్‌కి కూడా ట్రామ్ తిరిగొచ్చింది. 2006లో కొత్త సెంట్రల్ స్టేషన్ హౌప్ట్‌బాన్‌హోఫ్ తెరిచారు, యూరప్‌లోనే పెద్ద స్టేషన్లలో ఒకటి, దాని గుమ్మానికి ట్రామ్ చేరింది మాత్రం 2014 చివర్లో, మిగతా లైన్లు 2015లో. ఆ తర్వాత ఎం10 టుర్మ్‌స్ట్రాస్ దాకా, 2023 సెప్టెంబరు 9న. ట్రామ్ లేని రోజుకి సరిగ్గా వందేళ్ళు! ఎవరైనా కావాలని పెట్టారా అని ఆఫీసులో జోకులేసుకున్నాం.

లెక్క చూడండి. పీకడానికి 1954 నుంచి 1967 దాకా, పదమూడేళ్ళు, సగం ఊరు మొత్తం. తిరిగి వేయడానికి 1995 నుంచి 2023 దాకా, ఇరవై ఎనిమిదేళ్ళు, పడమరలో వేళ్ళ మీద లెక్కపెట్టే కిలోమీటర్లు. ఇప్పుడు ఊరి మొత్తానికి 22 లైన్లు, 190 కిలోమీటర్ల పైచిలుకు దారి. ఎక్కువ భాగం తూర్పే.

ఎందుకింత నెమ్మది అంటే డబ్బు ఒక్కటే కాదు. పట్టా వేయాలంటే ముందు చట్టప్రకారం అనుమతి ప్రక్రియ ఉంటుంది, అది కొండవీటి చాంతాడు. ప్రతి ఇంటివాడూ అభ్యంతరం చెప్పొచ్చు, ప్రతిదానికీ రాతపూర్వకంగా జవాబివ్వాలి: శబ్దం, అదురు, చెట్టు, మురుగు పైపు, కేబుల్, మూలనున్న బేకరీకి లారీ ఎక్కడ ఆగుతుంది. పట్టా కింద పైపు ఉంటే రేపు పైపు పగిలినప్పుడు ట్రామ్ ఆపాలి, కాబట్టి ముందే పైపులన్నీ పక్కకి జరపాలి. జనం చూసేది పట్టాలు వేసే కొద్ది నెలలే, అంతకు ముందు రోడ్డు తవ్విపోసిన కాలమంతా ఈ పైపుల పనే. ఇంకో సంగతి, టాట్రా వెడల్పు 2.20 మీటర్లు, ఇప్పటి ఫ్లెక్సిటీ 2.40. వినడానికి జానెడు తేడా, కానీ ఎదురెదురు బండ్లు రెండూ కలిసి నలభై సెంటీమీటర్లు, పాత వీధిలో ఆ నలభై ఎక్కడి నుంచి తేవాలి? ఫుట్‌పాత్ నుంచా, సైకిల్ దారి నుంచా, పార్కింగ్ నుంచా? పార్కింగ్ నుంచి అన్న మరుక్షణం మీటింగు హాలు దద్దరిల్లుతుంది. నేను గీసిన ఒక స్టాపు డ్రాయింగు ఏడుసార్లు మారింది, ఏడోసారి వచ్చింది నేను మొదటిసారి గీసినదే.

దీనికి బెర్లిన్‌లో కళ్ళకి కనపడే గుర్తు ఒకటుంది. లైప్జిగర్ ప్లాట్స్ దగ్గర రోడ్డు మధ్యలో ట్రామ్ పట్టాలున్నాయి, పైన తీగ లేదు, స్టాపు లేదు, ఒక్క బండీ వెళ్ళదు. రోడ్డు కొత్తగా వేస్తున్నాం కదా, ఎలాగూ ట్రామ్ వస్తుంది, మళ్ళీ తవ్వడం ఎందుకని 2000 ప్రాంతంలో ముందుగానే పాతేశారు. అలెగ్జాండర్‌ప్లాట్స్ నుంచి పోట్స్‌డామర్ ప్లాట్స్‌కి రావలసిన లైను అది. పాలకులు మారినప్పుడల్లా ముందుకీ వెనక్కీ జరుగుతోంది.

మళ్ళీ వస్తుందా అన్నారు. నా అంచనా అడిగితే, టుర్మ్‌స్ట్రాస్ నుంచి యుంగ్‌ఫర్న్‌హైడె స్టేషన్‌కి పొడిగింపు ఉంది చూశారా, అది ఎక్కువ నమ్మదగ్గది. పట్టాలు పక్కనే ఉన్నాయి, వీధులు వెడల్పు. అది పూర్తయితే పాత 55 తిరిగిన ప్రాంతాన్ని ట్రామ్ మళ్ళీ తాకినట్టే. వార్షావర్ స్ట్రాస్ నుంచి హెర్మన్‌ప్లాట్స్‌కి వెళ్ళవలసినది మాత్రం గ్యోర్లిట్సర్ పార్కు మధ్యలోంచి పోవాలి, ఆ చుట్టుపక్కల వాళ్ళు ఊరుకోరు. మీ కాలేజీ ముందుకి ట్రామ్ రావడం మీరు మాస్టర్స్ చదివే రెండేళ్ళలో జరగదు. పీహెచ్‌డీ చేసినా అనుమానమే.

తూర్పున రూమ్ తీసుకుని తప్పు చేశానా అని చివర్లో అడిగారు, అస్సలు లేదు. ఎం అక్షరంతో మొదలయ్యే తొమ్మిది లైన్లు రాత్రంతా తిరుగుతాయి, ల్యాబ్‌లో రెండయినా ఇంటికి చేరతారు. శుక్రవారం రాత్రి ఎం10 మాత్రం సీసాలు, పాటలు, గోల, చదువుకోవాలనుకుంటే ఇంకో దారి చూసుకోండి.

మన పిల్లలు ఎక్కువగా దెబ్బ తినే రెండు విషయాలు చెప్పి ఆపుతాను. ఒకటి, ఈ దేశంలో జీబ్రా గీతల మీద కారు మీ కోసం ఆగాలి, ట్రామ్ ఆగక్కర్లేదు, చట్టమే అలా ఉంది. అది పక్కకి తప్పుకోలేదు, ఇసుక చల్లి, అయస్కాంతపు బ్రేకు వేసినా అంత బరువు వెంటనే నిలబడదు. చెవిలో ఇయర్‌ఫోన్లు ఉంటే తీసి దాటండి. రెండు, సైకిల్. పట్టా గాడిలో ముందు చక్రం ఇరుక్కుంటే మీరు గాల్లో ఉంటారు, నేను ఎబర్స్‌వాల్డర్ స్ట్రాస్ జంక్షన్‌లో మొదటి ఏడాదే పడ్డాను, మోచేతికి ఆరు కుట్లు, ఆ మచ్చ ఇంకా ఉంది. పట్టాని ఎప్పుడూ అడ్డంగా దాటాలి, ఏటవాలుగా కాదు, వాన పడినప్పుడు మరీ.

ఒక ఆదివారం ఖాళీ ఉంటే వార్షావర్ స్ట్రాస్‌లో ఎం13 ఎక్కి బోర్న్‌హోల్మర్ స్ట్రాస్ వంతెన మీద దిగండి. పక్కనే గోడ ముక్క కొంత అలాగే ఉంచారు, కింద ఎస్-బాన్ పోతుంది, పైన ట్రామ్ ఎవరూ అడ్డుకోకుండా పడమరకి వెళ్ళిపోతుంది, ఆడ డ్రైవరయినా మగ డ్రైవరయినా. జాకెట్ మర్చిపోకండి, ఆ వంతెన మీద గాలి మామూలుగా ఉండదు.